వాడపల్లి వంతెన దాటాక



శుక్రవారం రాత్రి పది గంటలప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా ఎలా ఉంటుందో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మెట్రో దిగినవాళ్లు దిగినట్టే రోడ్డు పక్కన బ్యాగులు పెట్టుకుని నిలబడతారు. "విజయవాడ, విజయవాడ" అని ఒకడు, "గుంటూరు, ఒంగోలు" అని ఇంకొకడు కేకలు. ఒకప్పుడు ఆ గుంపులో ఉన్నవాళ్లంతా సొంతూళ్లకు వెళ్లేవాళ్లే. ఇప్పుడు సముద్రం చూడ్డానికి వెళ్లేవాళ్లూ బాగానే కనిపిస్తున్నారు. హాస్టల్ కుర్రాళ్లు, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు, ఇద్దరు పిల్లల్ని వెంటేసుకున్న దంపతులు. శనివారం పొద్దున్నే సూర్యలంకలోనో, చీరాల పక్క వాడరేవులోనో, వేటపాలెం పక్క రామాపురంలోనో తేలతారు. ఆదివారం రాత్రి తిరుగు బస్సు. సోమవారం ఆఫీసు.

తెలంగాణకు సముద్రం లేదు. మనకు దగ్గర సముద్రం అంటే బాపట్ల జిల్లా తీరమే. ఎల్బీనగర్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి అలల చప్పుడు. అందుకే తీర పర్యాటకం గురించి మాట్లాడమన్నప్పుడు నేను ఎల్బీనగర్‌లోనే మొదలుపెట్టాను. ఆ తీరం బాగోగుల్లో సగం ఇక్కడ బస్సెక్కే మన చేతుల్లోనే ఉంది.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ఒక తీరం ఎంతమందిని మోయగలదో తేల్చేది అక్కడి ఇసుక కింద ఉన్న మంచినీళ్లు. గదులెన్ని, రోడ్డు ఎంత వెడల్పు అన్నవి ఆ తర్వాతి సంగతి. ముందు మంచినీళ్లు. ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతాను, ఏమీ అనుకోకండి. రేడియోలో వెనక్కి తిప్పి వినే వీలుండదు కదా.

సరే, బయల్దేరదాం. సొంత కారులో వెళ్లేవాళ్లు చాలామంది నార్కట్‌పల్లి దాకా విజయవాడ హైవే మీద వెళ్లి, అక్కడ అద్దంకి రోడ్డు పడతారు. నల్లగొండ, మిర్యాలగూడ దాటితే వాడపల్లి వస్తుంది. అక్కడ కృష్ణ మీద వంతెన. ఇవతల తెలంగాణ, అవతల పల్నాడు జిల్లా పొందుగల. నది ఒడ్డున అగస్త్యేశ్వరుడి గుడి. ఆ గుడి దగ్గర కృష్ణలో ఇంకో నది కలుస్తుంది. ఏ నదో తెలుసా? మన మూసీ. మూసారాంబాగ్ దగ్గర, నాగోలు దగ్గర మనం ముక్కు మూసుకుని దాటే మూసీ.

ఒక్కసారి ఆలోచించండి. మనం తాగేది కృష్ణ. నాగార్జునసాగర్ జలాశయం నుంచి సాహెబ్‌నగర్ మీదుగా మన కుళాయిల్లోకి వస్తుంది. మనం వాడి వదిలింది మూసీలో పడి, వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోనే కలుస్తుంది. అంబర్‌పేటలో, నాగోలులో మురుగు శుద్ధి కేంద్రాలున్నాయి. శుద్ధయ్యేది అవుతుంది, మిగిలింది కిందికి పోతుంది. అక్కణ్నుంచి పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, డెల్టా కాలువలు, చివరికి హంసలదీవి దగ్గర సముద్రం. అంతా సముద్రం చేరుతుందని మిమ్మల్ని భయపెట్టను. చాలావరకు దారిలోనే ఆగుతుంది. కానీ మనం బస్సెక్కకముందే మన ప్లాస్టిక్ కవరు ఒకటి మనకంటే ముందు బయల్దేరి ఉన్నా ఆశ్చర్యం లేదు. దానికి టిక్కెట్టు అక్కర్లేదు.

వంతెన దాటి, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట దాటి బాపట్ల చేరాం. బాపట్ల నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. తీరం వెంబడి చీరాల వైపు అంతా ఇసుక నేలలే. ఆ ఇసుకలో కూరగాయలు పండిస్తారు, పూలతోటలు వేస్తారు, నార్లు పోస్తారు. సముద్రం పక్కన, ఇసుకలో, మంచినీళ్లెక్కడివి? దొరువులోవి.

దొరువును మీలో కొందరు చూసే ఉంటారు. చూడనివాళ్ల కోసం చెబుతాను. ఇసుకలో తవ్విన గుంట అది. పైన వెడల్పు, దిగేకొద్దీ ఇరుకు. నిట్టనిలువునా తవ్వితే ఇసుక కూలిపోతుంది, అందుకని అంచులు ఏటవాలుగా ఉంటాయి. రైతు చేతికో కుండ పట్టుకుని ఆ ఏటవాలు దిగుతాడు. నీళ్లలో నిలబడి రెండు కుండలూ ఒకేసారి ముంచుతాడు. బరువుతో పైకెక్కి, మడి వెంట నడుస్తూ మొక్కల మీద పోసుకుంటూ పోతాడు. కుండలు ఖాళీ కాగానే మళ్లీ దిగుతాడు. ఎండెక్కేలోగా ఎన్నిసార్లు దిగి ఎక్కుతాడో లెక్క ఉండదు. దొరువులో నీరు తగ్గితే పని ఆపుతాడు. కాసేపటికి ఇసుకలోంచి మళ్లీ ఊరుతుంది. నోట్లో పోసుకుని చూడండి, ఉప్పన్నది తగలదు. నాలుగడుగులు వేస్తే సముద్రం, ఇక్కడ తియ్యటి నీళ్లు.

ఇదెలా సాధ్యం? వానాకాలంలో పడ్డ నీరు ఇసుకలో ఇంకుతుంది. కింద ఉప్పునీరు ఉంటుంది. ఉప్పునీరు బరువు, వాననీరు తేలిక. అందుకని పాల మీద మీగడ కట్టినట్టు, ఉప్పునీటి మీద మంచినీరు ఒక పొరగా నిలబడుతుంది. దొరువు లోతు తక్కువ కాబట్టి పైన ఉన్న మీగడే తీస్తుంది. బోరు సంగతి వేరు. గొట్టం లోతుకు దింపి మోటారు వేస్తే మొదట్లో మంచినీళ్లే వస్తాయి. లాగేకొద్దీ కింద ఉన్న ఉప్పునీరు గొట్టం వైపు ఉబికి వస్తుంది. ఓ ఏడాదో రెండేళ్లో పోయాక టీ రుచి మారుతుంది. ఆ తర్వాత పప్పు ఉడకదు.

దీనికి నూరేళ్లు దాటిన లెక్క ఒకటుంది. మంచినీటి మట్టం పైన 1 అడుగు తగ్గిందంటే, అడుగున ఉప్పునీరు దాదాపు 40 అడుగులు పైకి జరుగుతుంది. ఒకటికి నలభై. మళ్లీ చెబుతున్నాను. పైన పోగొట్టుకునేది ఒక్క అడుగు, కింద ఎక్కి వచ్చేది నలభై అడుగులు. ఇంకేమీ గుర్తులేకపోయినా ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి.

బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. అక్కడ ఉప్పునీటి సమస్య మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఈ దొరువునే తీసుకుని మెరుగుపరిచారు. ఇసుకలో లోతుకు పోకుండా చిల్లుల గొట్టాలు అడ్డంగా పరుస్తారు. నీరు వాటిలోకి ఊరి మధ్యలో ఉన్న చిన్న బావిలోకి చేరుతుంది. అక్కణ్నుంచి చిన్న మోటారుతో నెమ్మదిగా తోడుకుంటారు. కుండలు మోసే చాకిరీ తప్పింది. పద్ధతి మాత్రం పాతదే. పై పొరే తీయాలి, నెమ్మదిగా తీయాలి.

ఇప్పుడు అదే ఇసుక మీద రిసార్టు ఒకటి లేచిందనుకోండి. ఈతకొలను ఉంటుంది. పచ్చిక ఉంటుంది. సముద్రంలో మునిగి వచ్చినవాళ్లు ఒంటికి పట్టిన ఉప్పు పోవాలని షవరు కింద అరగంట నిలబడతారు. ఇంట్లో వాడేదానికంటే సెలవులో ఎక్కువ నీళ్లు వాడతాం, మనందరికీ ఉన్న అలవాటే. పైగా జనం ఎప్పుడు ఎక్కువ? ఎండాకాలం సెలవుల్లో. మంచినీటి పొర ఎప్పుడు పల్చన? అదీ అప్పుడే. ఇక వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయి? సరైన శుద్ధి లేకపోతే సెప్టిక్ ట్యాంకులోంచి అదే ఇసుకలోకి. వాననీరు ఎంత చప్పున ఇంకుతుందో మురుగునీరూ అంతే చప్పున ఇంకుతుంది. ఇసుకకు మంచీ చెడూ తెలియదు.

బోరు ఉప్పెక్కితే రిసార్టు యజమాని ట్యాంకరు తెప్పించుకుంటాడు. పక్కన ఆకుకూరలు వేసుకున్న రైతు తెప్పించుకోలేడు. అపార్ట్‌మెంటు బోరు ఎండితే ట్యాంకర్ల కోసం ఎలా పడిగాపులు కాస్తామో దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు అనుభవమే. అయితే మన బోరు మంచి వాన పడితే మళ్లీ తేరుకుంటుంది. ఉప్పెక్కిన ఇసుక తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. అందుకే అంటున్నాను, తీరానికి ఎన్ని గదులు కావాలో నిర్ణయించే ముందు దొరువులో నీటి మట్టం ఎంతుందో కొలవాలి. మే నెలలో కొలవాలి, కార్తీక మాసంలో కొలిస్తే ఏం లాభం?

మురుగు సంగతి పట్టించుకోకపోతే ఏమవుతుందో ఫిలిప్పీన్స్ వాళ్లు చూశారు. అక్కడ బొరాకాయ్ అని చిన్న దీవి ఉంది. తెల్లటి ఇసుకకు ప్రపంచమంతా పేరు. హోటళ్ల మురుగు నేరుగా సముద్రంలోకి పోతోందని 2018 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ దీవిని మూసేసింది. ఆరు నెలలు ఒక్క పర్యాటకుణ్ని కూడా రానివ్వలేదు. తెరిచాక రోజుకు ఇంతమందే అని హద్దు పెట్టింది. ఆ ఆరు నెలలూ పస్తులున్నది ఎవరు? పడవ నడిపేవాళ్లు, వంటవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు.

మన దగ్గర విశాఖ రుషికొండ ఉంది. డెన్మార్క్‌లోని ఒక సంస్థ శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకు బ్లూ ఫ్లాగ్ ఇస్తుంది. 2020లో దేశంలో తొలిసారి ఆ గుర్తింపు పొందిన ఎనిమిది బీచ్‌లలో రుషికొండ ఒకటి. నీటి నాణ్యత పరీక్షించాలి, కాపలా ఈతగాళ్లు ఉండాలి, మరుగుదొడ్లు పనిచేయాలి, చెత్త ఉండకూడదు, ఇలా చాలా షరతులు. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదని ఆ జెండా దించాల్సి వచ్చింది. లోపాలు సరిచేశాక మళ్లీ ఎగిరింది. కొంతమంది దీన్ని అవమానం అన్నారు. నాకైతే జెండా దించడమే ఆ పద్ధతిలో ఉన్న మంచి అనిపిస్తుంది. ఇచ్చిన బిరుదు వెనక్కి తీసుకునే అలవాటు మన దగ్గర ఇంకెక్కడుంది చెప్పండి?

మళ్లీ బాపట్ల తీరానికి వద్దాం. ఒడ్డున ఇసుక దిబ్బలు కనిపిస్తాయి. వాటి మీద ఊదా రంగు పూలు పూసే తీగ పాకి ఉంటుంది. వెనక సరుగుడు తోటలు. పార్కింగు కోసం దిబ్బను చదును చేయడం జేసీబీకి అరపూట పని. అది కట్టింది గాలి, ఎన్నో ఏళ్లు పట్టి. ఆ దిబ్బ అలకు అడ్డం, ఆ తీగ దిబ్బ ఎగిరిపోకుండా అడ్డం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. వేలమంది ఒక్క రాత్రిలో కొట్టుకుపోయారు. ఆ కథ విన్న ఇళ్లు ఈ తీరమంతా ఉన్నాయి, వలస వచ్చి మన దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ ఇళ్లలో కూడా ఉన్నాయి. తాతలను అడిగి చూడండి. మడ అడవి, ఇసుక దిబ్బ, చెట్ల వరస ఎందుకు కావాలో వాళ్లు చెబుతారు.

చట్టం లేకపోలేదు. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 1991లోనే వచ్చాయి. సముద్రపు పోటు గీత నుంచి ఇన్ని మీటర్ల లోపల పక్కా కట్టడాలు వద్దని చెబుతాయి. 2011లో మార్చారు, 2019లో మళ్లీ మార్చారు. జనం ఒత్తుగా ఉన్న పల్లె తీరాల్లో ఆ దూరాన్ని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించారు. మత్స్యకారులు ఇళ్లు కట్టుకోవడానికి అది మేలే. ఆ సందులో ఇంకెవరు దూరుతున్నారో చూసుకోవాల్సింది మాత్రం ఊరివాళ్లే.

దీపాల సంగతి కూడా ఒక్క మాట. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల వెలుతురు కనిపించిన వైపు పాకుతుంది. చీకటి ఒడ్డు మీద వెలుతురు సముద్రం మీదే ఉంటుంది, కాబట్టి దారి తప్పదు. ఒడ్డున ఫ్లడ్‌లైటు వెలిగితే తప్పుతుంది. ఆ నెలల్లో ఇసుక మీద కారు నడపకండి. దీపం ఆర్పించడం హోటలువాళ్ల పనే, అడగడం మాత్రం మన పని.

ఇప్పుడు మనుషుల దగ్గరికొద్దాం. మనకు బీచ్ అంటే విహారం. మత్స్యకారులకు అది పని చేసుకునే చోటు. వల బాగుచేసుకునేది అక్కడే, పడవ లాగేది అక్కడే, చేపలు ఎండబెట్టేది అక్కడే. మనం చెప్పులతో తొక్కుకుంటూ వెళ్లేది ఒక్కోసారి ఒక ఆడమనిషి వారం సంపాదన. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు పడవలు కడలిలోకి పోవు. ప్రభుత్వం కొంత భృతి ఇస్తుంది. సరిగ్గా అదే రెండు నెలలు మనకు వేసవి సెలవులు. మనం గుంపులుగా దిగుతాం, వాళ్లు పని లేక ఒడ్డున కూర్చుని ఉంటారు.

ఇదెంత విచిత్రమో చూడండి. ఈ సముద్రం ఆనుపానులు వాళ్ల కంటే ఎవరికీ తెలియవు. ఎవరైనా మునిగితే దూకేది వాళ్లే. జీతం మాత్రం ఉండదు. ఆ రెండు నెలలూ ఊరి కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి, ఈల ఇచ్చి, నెల జీతం మీద కాపలా పెట్టొచ్చు. పార్కింగు రుసుములోంచి ఇవ్వొచ్చు. నా దృష్టిలో తీరానికి ఖర్చు పెట్టే మొదటి రూపాయి దీనికే పోవాలి. స్వాగత ద్వారాలూ సెల్ఫీ పాయింట్లూ ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకంటే ఈ ఒడ్డున ప్రాణాలు పోతున్నాయి. ప్రమాదం జరిగినప్పుడల్లా కొన్నాళ్లు బీచ్ మూసేస్తారు, మళ్లీ తెరుస్తారు. హాస్టళ్లలో ఉండే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఈ కాస్త శ్రద్ధగా వినండి. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఏదో ఒక చోట పాయగా చేరి వేగంగా లోపలికి లాగుతుంది. ఆ పాయ ఉన్నచోట అలలు విరగవు, నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈత రానివాడు అదే మంచి చోటనుకుని దిగుతాడు. పొరపాటున అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకండి. ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదండి. పాయ వెడల్పు తక్కువ, కాసేపట్లో బయటపడతారు. మళ్లీ చెబుతున్నాను, ఎదురు కాదు, పక్కకు. తాగి మాత్రం నీళ్లలో దిగకండి. ఇంతకంటే మర్యాదగా ఈ మాట చెప్పడం నాకు చేతకాదు.

ఇంకో సంగతి. రెండు రోజులూ ఇసుకలోనే గడపాలని ఎక్కడుంది? రామాపురం బీచ్‌కు వెళ్లేవాళ్లు వేటపాలెం మీదుగా వెళతారు. అక్కడ 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. తెలుగు పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. మన కార్లు దాని ముందు నుంచే హారన్ కొట్టుకుంటూ పోతాయి. చీరాలలో మగ్గాలున్నాయి. వేటపాలెం జీడిపప్పు మీకు తెలిసిందే. 1921లో పన్నులకు ఎదురుతిరిగి చీరాల, పేరాల జనం ఇళ్లొదిలి ఊరి బయట రామనగరం కట్టుకున్నదీ ఇక్కడే. నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఒక పూట ఊళ్లో గడిపితే తీరం మీద ఆ పూట బరువు తగ్గుతుంది. మన డబ్బు నేతగాడికి, జీడిపప్పు వేయించే ఆమెకు చేరుతుంది.

సూర్యలంకను ఇంకా పెద్ద పర్యాటక కేంద్రం చేయాలన్న మాట గట్టిగానే వినిపిస్తోంది. చేయనివ్వండి. బాపట్ల యువతకు అక్కడే ఉద్యోగం దొరికితే వాళ్లు ఎల్బీనగర్ బస్సెక్కి మన హాస్టళ్లకు రావాల్సిన అవసరం తగ్గుతుంది, అదీ మంచిదే. కానీ మొదట చెప్పిన మాట దగ్గరికే వస్తాను. ఇసుక కింద మంచినీళ్లు ఉన్నంతవరకే తీరం. పునాది తవ్వే ముందే నీరు ఎక్కణ్నుంచి తెస్తారు, మురుగు ఎక్కడికి పంపుతారు అన్నది ఊళ్లో నలుగురి ముందూ చెప్పాలి. పైపు ద్వారా బయటి నీళ్లు తెచ్చుకోండి, మురుగు శుద్ధి చేసి తోటలకు వాడండి. దొరువుల ఇసుకలో లోతు బోర్లు మాత్రం వద్దు.

మీకు నాదొక మనవి. ఈసారి గది బుక్ చేసేటప్పుడు ఫోనులో ఏసీ ఉందా, వైఫై ఉందా అని అడుగుతారు కదా. వాటితోపాటు రెండు ప్రశ్నలు అడగండి. అయ్యా, మీ నీళ్లు ఎక్కడివి? మీ మురుగు ఎక్కడికి పోతుంది? అడిగేవాళ్లు ఇద్దరు ముగ్గురైతే నవ్వి ఊరుకుంటారు. ఎల్బీనగర్‌లో బస్సెక్కే ప్రతివాళ్లూ అడిగితే జవాబు సిద్ధం చేసుకుంటారు. జవాబు సూటిగా చెప్పిన చోటే దిగండి.